సగం మైదానం చేతిలో ఉన్నవాడు

వేసవి శనివారాల్లో ఇక్కడ అమెరికాలో, షికాగో దగ్గరి మా అరోరా ఊరి పార్కులో తెలుగువాళ్లు వాలీబాల్ ఆడతారు. అంపైరింగ్ నాది. మోకాళ్లు పోయినా గొంతు మిగిలింది కాబట్టి ఆ పని నాకిచ్చారు. పిక్నిక్ బల్ల మీద కుర్చీ వేసి, ఇద్దరు చెరోవైపు పట్టి నన్ను ఎక్కించి కూర్చోబెడతారు. అక్కణ్ణుంచి చూస్తే అందరి బట్టతలలూ కనిపిస్తాయి.

మొన్న జూన్‌లో అక్కడ గొడవైంది. జగన్మోహన్ జట్టుకీ కుర్రాళ్ల జట్టుకీ ఆట. జగన్మోహన్ ఎనభై ఆరులో ఈ దేశం వచ్చినవాడు. అవతల సాయి తేజ, మాస్టర్స్ చదవడానికి కిందటి ఆగస్టులో దిగినవాడు.

"పదమూడు, పదకొండు. సర్వీస్ మారింది, అంతే," అన్నాడు జగన్మోహన్.

"అంకుల్, బాల్ మీ కోర్టులో పడింది. పాయింట్ మాది. పదమూడు, పన్నెండు."

"సర్వీస్ మాదైనప్పుడు పాయింట్ మీకెట్లా వస్తుందయ్యా?"

"ఏ కాలంలో ఉన్నారంకుల్? ప్రతి ర్యాలీకీ పాయింటే. పదిహేనుక్కాదు, ఇరవై అయిదుకి ఆడతారు. నేను పుట్టకముందే రూల్ మారింది."

"ఎవరు మార్చారు? మాకెవరూ చెప్పలేదే!"

అందరూ నావైపు తిరిగారు. "పరిశీలించాల్సిన విషయం," అన్నాను గంభీరంగా.

నిజం చెప్పాలంటే పరిశీలించడానికేమీ లేదు. ఆ రూలు మారిన సంగతి నాకు పాతికేళ్లుగా తెలుసు. పదకొండేళ్ల కిందట నేనిక్కడికి వచ్చేసరికి వీళ్లు ఇంకా పదిహేను పాయింట్ల లెక్కలోనే ఉన్నారు. నేను నోరు మెదపలేదు. ప్రతి బంతికీ పాయింటైతే లెక్కకు ఫోన్ చాలు. సర్వీస్ ఎవరిది, పాయింట్ ఎవరిది, ఏది ఎప్పుడు మారింది అని గుర్తుపెట్టుకోవాలంటేనే బల్ల మీద ఒక మనిషి కావాలి.

పక్కన చెట్టు నీడలో మెగన్ ప్రోథరో కూర్చుని ఉంది. ఎనభై నాలుగేళ్ల ఆవిడ, మా వీధిలోనే ఉంటుంది. కుక్కను తిప్పడానికి వచ్చి, కుక్క విసుగెత్తి పడుకున్నా తను మాత్రం ఆట చూస్తూ కూర్చుంటుంది. మావాళ్ల పిల్లలు మెగన్ ఆంటీ అంటారు. నన్ను బల్ల మీంచి దింపుతుంటే దగ్గరికొచ్చి నా మొహంలోకి తేరిపార చూసింది.

"విష్, నీకు ముందే తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ మొహం నాకు తెలుసయ్యా. మా ఇంట్లో ఫోటో ఉంది. మా తాతది."

ఆ సాయంత్రమే ఆవిడ ఇంటి వరండాలో కూర్చుని చెప్పులపెట్టె ఒకటి తెరిచింది. అందులో రెండు ఫోటోలు, ఒక పత్రిక ముక్క, గుండ్రటి ఇత్తడి బిళ్ళ. బిళ్ళ మీద 114 అని కొట్టి ఉంది. కింద రాసింది ఆవిడ చెప్పిందే. నేను అక్కడక్కడా కలిపినదాన్ని మా మనవరాలు దేదీప్య చదివి, "తాతా, దిస్ పార్ట్ ఈజ్ సో ఫేక్," అంటూ చాలావరకు కొట్టేసింది. కొట్టేయగా మిగిలింది ఇది.

ఆయన పేరు ఇడ్రిస్ ప్రోథరో. ఇద్రీస్ అంటే మనవైపు ముస్లింల పేరు. కొత్తగూడెంలో మా కాన్వెంటు యూనిఫారాలు కుట్టిన దర్జీ ఇద్రీస్ భాయే. వేల్స్ దేశంలో మాత్రం ఆ పేరుతో ఏకంగా ఒక కొండ ఉందట.

1887లో దక్షిణ వేల్స్‌లోని ఒక బొగ్గులోయలో పుట్టాడు. తండ్రిది బాయి పని. మా కొత్తగూడెంలో బొగ్గుగనిని బాయి అంటారు. నాకు ఆ మాటే నోటికొస్తుంది, అదే రాస్తాను. పదమూడో ఏట ఇడ్రిస్ కూడా బాయి దిగాడు. పదహారో ఏట పైకప్పు కూలి తండ్రీ కొడుకూ ఒకేచోట చిక్కుకుపోయారు. తవ్వి తీసేసరికి ముప్పై ఆరు గంటలైంది. మొదటి పది గంటలు తండ్రి మాట్లాడుతూ ఉన్నాడు. తరవాత మాట్లాడలేదు. మిగిలిన ఇరవై ఆరు గంటలూ ఇడ్రిస్ ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

ఆ తరవాత మళ్లీ దిగలేదు. దిగమన్నవాళ్లున్నారు, పిరికివాడన్నవాళ్లున్నారు. అతను వెళ్లి, బీరు తయారుచేసే చోట పీపాలు దొర్లించే పనిలో చేరాడు. జీవితాంతం తలుపు తీసుకునే పడుకున్నాడు. అరోరా చలిలో కూడా. "మా నాయనమ్మ పెళ్లైన రోజునుంచీ ఉన్నికోటుతోనే నిద్రపోయింది," అంది మెగన్.

మనిషి పొడగరి. చేతులు మరీ పెద్దవి. ఒక్కో చేతిలో ఒక్కో పనసకాయ పట్టేదని నేను రాస్తే దేదీప్య కొట్టేసింది. బంతి ఒంటిచేత్తో పట్టేవాడు, అంతవరకు ఖాయం. ఊరి జట్టుకు గోల్‌కీపర్ అయ్యాడు. అక్కడినుంచి పెద్ద క్లబ్బుకు వెళ్లాడు.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి, లేకపోతే ఇడ్రిస్ ఎవరో అర్థం కాదు. ఈ రోజుల్లో గోల్‌కీపర్ తన గోలు ముందున్న పెనాల్టీ బాక్స్‌లోనే బంతిని చేత్తో ముట్టాలి. ఆ రోజుల్లో అలా కాదు. మధ్యగీత దాకా, అంటే తనవైపు సగం మైదానమంతా చేతులు వాడుకోవచ్చు. అయితే బంతి పట్టుకుని రెండడుగులకు మించి నడవకూడదు. అందుకని చాలామంది కీపర్లు గోలు వదిలి వచ్చేవాళ్లు కారు. ఇడ్రిస్ వచ్చేవాడు. బంతిని నేలకు కొట్టి పట్టుకుంటూ, కొట్టి పట్టుకుంటూ, ఎదురొచ్చినవాణ్ణి భుజంతో తోసుకుంటూ మధ్యగీత దాకా పరుగెత్తుకొచ్చి, అక్కణ్ణుంచి అవతలి గోలు మీదికి తన్నేవాడు.

"అది బాస్కెట్‌బాల్, తాతా," అంది దేదీప్య.

బాస్కెట్‌బాలే. కాని అతని ఊళ్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. శనివారం మధ్యాహ్నం బాయిలోంచి పైకొచ్చినవాళ్లు మొహం కూడా కడుక్కోకుండా అది చూడ్డానికి పరుగెత్తేవాళ్లు. మా ఇడ్రిస్ వేల్స్ దేశం తరఫున ఏడుసార్లు ఆడాడని నేను మా వీధిలో నలుగురికి చెప్పాను. తప్పు. ఒక్కసారి రిజర్వుగా తీసుకెళ్లారు. రైలెక్కి వెళ్లాడు, కోటు విప్పకుండా మైదానం పక్కన కూర్చున్నాడు, రైలెక్కి తిరిగొచ్చాడు.

1912 వేసవిలో రూలు మార్చారు. ఇకమీదట పెనాల్టీ బాక్స్‌ దాటి గోల్‌కీపర్ చేత్తో ముట్టకూడదు. ముట్టితే ఫ్రీ కిక్. ఇడ్రిస్‌కు ఇరవై అయిదేళ్లు. అతనికి వచ్చిన విద్య అదొక్కటే, అది ఒక్క కాగితంతో నేరమైపోయింది. గోల్లో నిలబడి ఆపడంలో అతను మామూలు కీపరే, మామూలు కంటే ఒక పిసరు తక్కువ కూడా. కాళ్లు గీత దగ్గర ఆగేవి కావు. ఆ ఏడు మొదటి ఆరు ఆటల్లోనే తొమ్మిది ఫ్రీ కిక్‌లు ఇచ్చాడు. క్లబ్బువాళ్లు మర్యాదగానే పంపేశారు. మళ్లీ పీపాలు.

మరుసటేడు అమెరికా నుంచి ఉత్తరం వచ్చింది. రాసినవాడు బెడో అనే వేల్స్ మనిషి. అరోరాకు నలభై మైళ్ల దూరంలో ఒక బొగ్గుగనికి సూపరింటెండెంట్. మా భాషలో దొర. 1909లో సెలవుమీద స్వదేశం వెళ్లినప్పుడు ఇడ్రిస్ ఆట చూశాడట. "మా గనికి జట్టుంది, కీపర్ లేడు. వస్తే టికెట్టు పంపుతాను. మా జట్టులో ఆడేవాళ్లెవరూ బాయి దిగరు. నీకు పైన లాంప్ రూంలో దీపాలిచ్చే పని," అని రాశాడు.

సర్ఫేస్ పని అంటే, బాయి దిగక్కర్లేకుండా నేల మీద చేసే పని అంటే, ఏమిటో నాకు తెలుసు. మా నాన్న కొత్తగూడెంలో గనుల ఆఫీసులో గుమాస్తా. నడుము పోయినవాడూ ఊపిరితిత్తులు పోయినవాడూ మా వాకిట్లో నిలబడి, "అయ్యా, సర్ఫేస్ ఇప్పించండి, ఏ పనైనా సరే," అని అడగడం చూస్తూ పెరిగాను. ఆ మాట వినని గని ఊరు భూమ్మీద ఉండదు.

ఇడ్రిస్, అతని భార్య గ్వెన్ ఓడెక్కారు. ఊరికి నంబర్ నైన్ అని పేరు. తొమ్మిదో బాయి చుట్టూ పుట్టింది కాబట్టి నంబర్ నైన్. ఇప్పుడక్కడ మొక్కజొన్న తప్ప ఏమీ లేదు. అప్పుడు రెండొందల ఇళ్లు, ఒక చర్చి, అయిదు సారా దుకాణాలు. సగం ఊరు వేల్స్‌వాళ్లే.

దిగిన మరునాడు బెడో మైదానానికి తీసుకెళ్లాడు. ప్రాక్టీస్ నడుస్తోంది. జట్టు పాత కీపర్ లావుపాటి మనిషి. ఇడ్రిస్ చూస్తుండగానే ఆ మనిషి ఆయాసపడుతూ మధ్యగీత దాకా వచ్చి బంతిని రెండు చేతులతో ఎత్తి తన్నాడు. ఎవరూ విజిల్ వేయలేదు. ఎవరూ అరవలేదు.

ఇడ్రిస్ బెడో మొహంలోకి చూశాడు. మళ్లీ మైదానంలోకి చూశాడు. సంగతి అర్థమైంది. వీళ్లందరూ 1912కి ముందు ఓడెక్కినవాళ్లు. ఎవరు ఏ ఏడు బయల్దేరితే ఆ ఏటి వేల్స్‌ను పెట్టెలో పెట్టుకొచ్చారు. చుట్టుపక్కల బాయిల జట్లూ అంతే, రెఫరీలూ అంతే. ఇంటినుంచి పత్రికలు రెండు నెలల పాతవి వచ్చేవి. ఎవరు పోయారు, చర్చిలో ఎవరు ఎవరితో తగువుపడ్డారు అన్నది చదివి, ఆ కాగితంలో చేపలు చుట్టేవాళ్లు. ఆటల పేజీలో మూలన పడిన రూలు ఎవరు చదువుతారు? (దేదీప్య దీన్ని నమ్మలేదు. "నో వే, తాతా. ఎవరో ఒకరు చెప్పి ఉంటారు." నేను పార్కు వైపు చూపించాను.)

చెబుదామని నోరు తెరిచాడట ఇడ్రిస్. సరిగ్గా అప్పుడే బెడో జేబులోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. "లాంప్ రూం. నువ్వు మధ్యగీత దాకా వచ్చినన్నాళ్లూ ఇది నీదే. ఈ లావుపాటివాణ్ణి రేపటినుంచి కిందికి పంపుతున్నాను."

ఇడ్రిస్ నోరు మూసుకున్నాడు.

ఇంటికెళ్లి గ్వెన్‌కు చెప్పాడు. ఆవిడ కుండలు తోముతూ వింది. "అబద్ధమాడమని నేను చెప్పను. నిజం చెప్పమనీ చెప్పను. నువ్వు ఆ గోతిలోకి దిగడం మాత్రం నేను చూడలేను," అంది.

అలా మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో నంబర్ నైన్ ఓడింది రెండే ఆటలు. శనివారం ఇడ్రిస్ మధ్యగీత దాకా వస్తుంటే ముసలివాళ్లు ఏడ్చేవాళ్లు. మా ఊరి ఆట మళ్లీ చూస్తున్నామనేవాళ్లు. మిగతా రోజుల్లో లాంప్ రూం. ఆ పని ఇలా ఉంటుంది. ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ళ. ఉదయం కిటికీలో బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుని దిగుతాడు. బిళ్ళ గోడమీద బోర్డుకు వేలాడుతుంది. సాయంత్రం దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే లోపల మనిషి మిగిలాడన్నమాట. ఇడ్రిస్‌కు ముందు ఆ పని చేసినవాళ్లు షిఫ్ట్ అయిపోగానే తాళం వేసి వెళ్లేవాళ్లు. ఇడ్రిస్ ఆఖరి బిళ్ళ పోయేదాకా కదిలేవాడు కాదు. ఎవడైనా ఆలస్యమైతే బాయి మొగదలకు వెళ్లి నిలబడేవాడు. అక్కడిదాకా వెళ్లేవాడు, అంతకుమించి ఒక్క అడుగు వేసేవాడు కాదు.

అతని భయమల్లా కొత్తగా వచ్చేవాళ్ల గురించే. స్వదేశం నుంచి ఎవరైనా వస్తున్నారంటే అందరికంటే ముందు స్టేషన్‌కు వెళ్లేది ఇడ్రిస్. పెట్టె అందుకునేవాడు, కుశలం అడిగేవాడు, నాలుగడుగులు వేశాక మెల్లిగా, "ఫుట్‌బాల్ చూస్తారా?" అనేవాడు. ఒకతను రగ్బీ మనిషి. "ఆ గుండ్రటి బంతా? ఛీ!" అన్నాడు. ఇడ్రిస్ అతని పెట్టెను ఇంటిదాకా మోశాడు. ఇంకొకాయన చర్చికి కొత్తగా వచ్చిన పాస్టర్. ఆటలన్నీ సైతాను పనులన్నాడు. ఆయన్ను ఆ వారంలో మూడుసార్లు భోజనానికి పిలిచారు.

మూడోవాడు డాయ్. ముప్పైయేళ్ల మనిషి, ఒంటరివాడు. "ఫుట్‌బాల్ చూస్తారా?" అనగానే ఆగి, ఎగాదిగా చూసి, "నువ్వు ప్రోథరోవి కదూ! రూలు మారాక నిన్ను పంపేశారు కదా, ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు.

ఇడ్రిస్ ఏమీ దాచలేదు. అంతా విని డాయ్ ముక్కు గోక్కున్నాడు. "మీ ఆవిడ ఆదివారం ఏం వండుతుంది?"

ఆ ఆదివారం నుంచి ప్రతి ఆదివారం డాయ్ వాళ్లింట్లోనే తిన్నాడు. గొర్రెమాంసంలో మంచి ముక్క అతనికే. గ్వెన్ వడ్డిస్తూ, "ఇంకొంచెం వేయమంటావా, నోరు నిండేదాకా?" అనేది. డాయ్‌కు రోషం లేదు. "నిండలేదక్కా," అనేవాడు.

1914లో యుద్ధం వచ్చి ఓడలు తగ్గిపోయాయి. కొత్తవాళ్లు రావడం ఆగిపోయింది. యూరప్‌ అంతా ఏడుస్తుంటే తాను ఊపిరి పీల్చుకుంటున్నందుకు ఇడ్రిస్ సిగ్గుపడ్డాడట. అయినా పీల్చుకున్నాడు.

1916 నవంబరులో షికాగో జట్టు ఒకటి కప్పు ఆటకు నంబర్ నైన్ వచ్చింది. గని జట్ల మధ్య ఆట కాదది, పెద్ద పోటీ. రెఫరీ కూడా షికాగో వాడే. పొట్టి మనిషి, బూట్లు అద్దంలా తుడుచుకున్నాడు, చొక్కా జేబులో చిన్న రూలు పుస్తకం. ఆ పుస్తకం ఇడ్రిస్ కంటబడింది.

ఉపాయం ఒకటి ఆలోచించుకున్నాడు. ఈ ఒక్కరోజూ పెనాల్టీ బాక్స్ దాటకూడదు. గీత లోపలే చేతులు కట్టుకున్నట్టు నిలబడాలి. రెఫరీకి విజిల్ వేసే పని పెట్టకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. షికాగో రైలు వెళ్లిపోతుంది.

సగం ఆట దాకా అలాగే నడిచింది. గోలు పడలేదు. చలి వల్ల నేల ఇటుకలా ఉంది. మైదానం చుట్టూ ఆరేడు వందలమంది ఉన్నారు. ఇడ్రిస్ గోలు వెనక నిలబడినవాళ్లకు ఇదేమీ నచ్చలేదు.

"ఏమైంది ఇడ్రిస్? కాళ్లకు మేకులు కొట్టారా?"

"షికాగోవాళ్లను చూసి భయపడ్డాడు!"

"బయటికి రా అబ్బాయ్! మా డబ్బుకు ఆట చూపించు!"

ఆఖరున అరిచినవాడు గ్రిఫ్ అనే ముసలివాడు. వేల్స్‌ వదిలి ముప్పైయేళ్లైంది, ఇడ్రిస్ ఆటంటే ప్రాణం పెడతాడు. ఇడ్రిస్ వెనక్కి తిరిగి చూడలేదు. జనంలో గ్వెన్ ఒక పక్క, ఇంకో పక్క డాయ్. డాయ్ ఆ రోజు ఏదీ నమలడం లేదు.

ఆట పది నిమిషాల్లో ముగుస్తుందనగా షికాగో ఆటగాడు ఒకడు అందర్నీ దాటి ఒంటరిగా దూసుకొచ్చాడు. బంతి కాలినుంచి కాస్త దూరంగా దొర్లింది. ఇడ్రిస్‌కూ దానికీ మధ్య పదిహేను గజాలు. పెనాల్టీ బాక్స్‌ దాటి పన్నెండు గజాల అవతల.

కాళ్లు అడగలేదు. వెళ్లిపోయాయి. వంగి బంతిని ఒంటిచేత్తో ఎత్తాడు, ఆ ఆటగాణ్ణి భుజంతో తోశాడు, నేలకు కొట్టి పట్టాడు, కొట్టి పట్టాడు, గడ్డకట్టిన నేల మీద బంతి డప్పులా మోగుతుంటే మధ్యగీత దాకా పరుగెత్తాడు. ఊరంతా గొంతు చించుకుంది. ఆ అరుపులో విజిల్ ఎవరికీ వినపడలేదు. రెఫరీ నాలుగుసార్లు ఊదాడు.

"ఫ్రీ కిక్. కీపర్ బయట చేత్తో ముట్టాడు."

ఆరేడు వందలమందీ ఒకేసారి మైదానంలోకి వచ్చారు.

"మధ్యగీత దాకా ముట్టొచ్చురా వెధవా!"

"షికాగోవాళ్లు ఎంతిచ్చారు నీకు?"

"చెరువులో ముంచండి వీణ్ణి!"

ఇది కేవలం అరుపు కాదు. కొందరి చేతుల్లో పలుగు కర్రలున్నాయి. బాయి నీళ్లు తోడిపోసే నల్లటి చెరువు మైదానం పక్కనే ఉంది, అంచున మంచు కట్టి ఉంది. రెఫరీ జేబులోంచి పుస్తకం తీశాడు. ఎవరో దాన్ని కొట్టి కింద పడేశారు. ఇద్దరు అతని చంకల కింద చేతులు వేసి ఎత్తారు. అద్దంలాంటి బూట్లు గాల్లో కొట్టుకుంటున్నాయి. ఎత్తినవాళ్లలో గ్రిఫ్ ఒకడు.

ఇడ్రిస్ మధ్యగీత మీద బంతి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమీ మాట్లాడకపోతే చాలు. రెఫరీ అమ్ముడుపోయాడని ఊరంతా అనుకుంటుంది, నలభై ఏళ్లు అదే చెప్పుకుంటుంది. సోమవారం పొద్దున అతను తాళంచెవి తీసుకుని లాంప్ రూం తెరుస్తాడు.

గ్వెన్ వైపు చూశాడు. ఆవిడ ఒకసారి కళ్లు మూసి తెరిచింది. మెగన్ అంటుంది, అది సరేనన్న సంకేతమో, చలిగాలికి కళ్లు మూసుకుందో, నాయనమ్మ ఎప్పుడూ చెప్పలేదని.

బంతిని కింద పెట్టాడు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి రెఫరీ కాళ్లు పట్టుకుని కిందికి లాగాడు. పుస్తకం వెతికి తీశాడు, మట్టి తుడిచాడు. రూలున్న పేజీ తెరిచి, ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు కూడా తెలియాలని వేల్స్ భాషలో చదివాడు, చర్చిలో వాక్యం చదివినట్టు, పెద్ద గొంతుతో.

"ఈయన చెప్పింది నిజం. రూలు మారి నాలుగేళ్లైంది. గీత దాటి ముట్టకూడదు. నాకు తెలుసు," అన్నాడు.

బెడో ముందుకొచ్చాడు. "ఎప్పటినుంచి తెలుసు?"

"ఓడెక్కకముందు నుంచి."

"తాళంచెవి తీసుకున్నప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు, సార్."

బెడో చెయ్యి చాచాడు. ఇడ్రిస్ ఆట నిక్కరు జేబులో కూడా తాళంచెవి పెట్టుకునే మనిషి. తీసి ఇచ్చాడు.

గ్రిఫ్ రెఫరీని వదిలేశాడు. ఇడ్రిస్ వైపు తిరిగాడు. "ఎందుకు చెప్పావురా? చెప్పకపోతే మనం ఎప్పటికీ గెలుస్తూనే ఉండేవాళ్లం కదా," అన్నాడు. కోపంగా కాదు. అది కోపం కన్నా బరువుగా ఉందని ఇడ్రిస్ తరవాత చెప్పేవాడట.

ఫ్రీ కిక్ కొట్టారు. కథ నా చేతిలో ఉంటే ఇడ్రిస్ చేత ఆ బంతి పట్టించేవాణ్ణే. ఒకసారి పట్టించాను కూడా. మెగన్ ఒప్పుకోలేదు, పత్రిక ముక్క తీసి చూపించింది. 1–0. షికాగో గెలిచింది.

సోమవారం పొద్దున ఇడ్రిస్‌కు బిళ్ళ ఇచ్చారు. నంబరు 114. లాంప్ రూం కిటికీలో ఇప్పుడు పాత లావుపాటి కీపర్ కూర్చున్నాడు. మూడేళ్లు బాయిలో తవ్వి ఇప్పుడంత లావు లేడు. "ఏమనుకోకు, నీ కుర్చీ నేనడగలేదు," అన్నాడు.

"మూడేళ్ల కిందట నేనూ నీది అడగలేదు," అన్నాడు ఇడ్రిస్.

దీపం తీసుకున్నాడు. బిళ్ళ ఇవ్వడం మరిచిపోయాడు, అవతలివాడు అడగడం మరిచిపోయాడు. బాయి మొగదల దగ్గర వరసలో నిలబడ్డాడు. కిందికి దించే కేజ్‌లోకి పన్నెండుమంది ఎక్కారు. పదమూడోవాడు ఇడ్రిస్. తలుపు పట్టుకున్న మనిషి చూస్తున్నాడు. అందరూ చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. కప్పు కూలడం ఏమిటో తెలియనివాడు అందులో ఒక్కడూ లేడు.

ఒక కాలు లోపల పెట్టాడు. ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు.

"వెళ్లండి," అన్నాడు.

దీపాన్ని తీసుకెళ్లి కిటికీలో పెట్టాడు. జేబులో చెయ్యి పెడితే బిళ్ళ తగిలింది. బోర్డు మీద 114 మేకు ఖాళీగా ఉంది. గని లెక్క ప్రకారం ఆ మనిషి కిందికి దిగనే లేదు. కిటికీలోని మనిషి దీపం తీసుకుని లోపల పెట్టుకున్నాడు.

కంపెనీ ఇల్లు సాయంత్రానికల్లా ఖాళీ చేయాలి. సామాను రైల్లో వేసి గ్వెన్‌ను ఎక్కించిన మనిషి డాయ్. ఆమె కింద ఉన్న డాయ్‌ను చూసి, "వచ్చే ఆదివారం ఏం తింటావు?" అంది. "బంగాళదుంపలు. నాకు వండుకోవడం అదొక్కటే వచ్చు," అన్నాడు. ఇడ్రిస్ రైలెక్కలేదు. మూసి ఉన్న పెట్టెలో ఆ రోజు కూర్చోలేనన్నాడు. పట్టాల వెంట నడిచాడు. మూడో రోజు మధ్యాహ్నానికి అరోరా చేరాడు. ఒక్క రోజులో చేరాడని నేను రాశాను. దేదీప్య ఫోన్‌లో దూరం చూసి మూడు చేసింది.

అరోరా పార్కుల్లో గడ్డి కోసే పని దొరికింది. కొన్నాళ్లకు ఆట మైదానాలు సిద్ధం చేసే పని కూడా అతనికే ఇచ్చారు. అప్పట్లో ఇక్కడ ఫుట్‌బాల్ ఆడేది వలస వచ్చినవాళ్లే. ఆదివారాలు ఒక్కో దేశంవాళ్లకు ఒక్కో జట్టు. శనివారం ఇడ్రిస్ తాడు కట్టి, గజంబద్దతో కొలిచి, సున్నం నీళ్లతో గీతలు గీసేవాడు. పెనాల్టీ బాక్స్ సరిగ్గా పద్దెనిమిది గజాలు. అంగుళం అటూ ఇటూ పోనిచ్చేవాడు కాదు. ముప్పై అయిదేళ్లు ఆ పని చేశాడు. ఎవరైనా కుర్రాళ్లు, "మీరెప్పుడైనా ఆడారా?" అంటే, "కొంచెం," అనేవాడు. జేబులో ఇత్తడి బిళ్ళ ఉండేది. బస్సు టికెట్టుకు చిల్లర తీస్తే దాంతోపాటు అదీ బయటికొచ్చేది.

మెగన్ తన పదేళ్లప్పుడు ఆయన వెంట సున్నం డబ్బా పట్టుకుని తిరిగిందట. ఒకరోజు పార్కుల పర్యవేక్షకుడు వచ్చి మైదానమంతా చూసి, "ప్రోథరో, అన్ని గీతలూ నాలుగంగుళాలు గీశావు. మధ్యగీత అయిదు ఎందుకుంది?" అన్నాడు.

"రూల్లో అయిదు దాకా గీయొచ్చని ఉంది, సార్," అన్నాడు ఇడ్రిస్. జేబులోంచి రూలు పుస్తకం తీసి పేజీ చూపించాడు. ఆ ఏటిదే. ప్రతి ఏడూ కొత్తది తెప్పించుకునేవాడట.

పర్యవేక్షకుడు వెళ్లిపోయాక డబ్బా మెగన్ చేతికిచ్చి, సున్నం ఇంకొంచెం చిక్కగా కలపమన్నాడు.